పాత గాలి ట్యాంకుకు కొత్త కొలువు

నింపితే పంక్చరు షాపుకు.. తోడేస్తే వడ్రంగి షెడ్డుకు
ఆదమరిస్తే మాత్రం ముప్పే

జిల్లాలో ఏ రోడ్డు వెంట వెళ్లినా పంక్చరు షాపు ముందు ఒక కంప్రెసర్ కనిపిస్తుంది. పైన మోటారు, బెల్టు, కింద పీపాలాంటి ఇనుప ట్యాంకు. ఎండకు ఎండి, వానకు తడిసి, మోటారు కాలిపోయాక ఒకరోజు అది పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. అక్కడ దాని విలువ తూకానికి వచ్చే ఇనుము ధర మాత్రమే. లారీల కింద బ్రేకుల కోసం అమర్చే చిన్న గాలి ట్యాంకులదీ ఇదే గతి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత బండ్లు విప్పినప్పుడు ఇలాంటివి గుట్టలుగా పోగుపడుతుంటాయి.

అయితే ఈ ట్యాంకులో ఇంకో ఉపయోగం దాగి ఉంది. ఇన్నాళ్లూ గాలి నింపుకుని పనిచేసిన ట్యాంకు, లోపలి గాలిని తోడేస్తే కూడా పనిచేస్తుంది. గాలిని తోడేసి ఉంచిన స్థితినే వాక్యూం అంటారు. ఆ వాక్యూంను నిలవ చేసుకునేందుకు పాత కంప్రెసర్ ట్యాంకును వాడుకునే పద్ధతి చాలా దేశాల్లో ఇంటి పెరటి షెడ్లలో పనిచేసే వడ్రంగులకు, మెకానిక్కులకు అలవాటైనదే. మన పల్లెల్లో షెడ్డు వేసుకున్న చేతిపనివారికీ ఇది అందుబాటులో ఉన్న విద్యే. కాకపోతే ఏ ట్యాంకు పనికివస్తుంది, ఏది పనికిరాదు అన్నది తెలియకుండా దిగితే పని చెడటమే కాదు, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

ఖాళీకి బలం ఎక్కడిది?

ఖాళీ ట్యాంకుకు బలమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. నిజానికి బలం ఖాళీది కాదు, బయట ఉన్న గాలిది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద కిలో పైచిలుకు బరువుతో నొక్కుతూ ఉంటుంది. లోపలా బయటా గాలి సమానంగా ఉన్నంతకాలం ఆ నొక్కుడు మనకు తెలియదు. లోపలి గాలిని తీసేస్తే బయటి గాలి బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

ఈ సంగతి బావి మోటారు ఉన్న ప్రతి రైతుకూ అనుభవమే. గట్టు మీద పెట్టిన మోటారు ఇరవై, ఇరవైఅయిదు అడుగుల లోతు దాటితే నీళ్లు లాగలేక మొరాయిస్తుంది. అప్పుడు బావిలో దిమ్మె కట్టి మోటారును కిందికి దించుతారు. హార్స్ పవర్ ఎంత పెంచినా ఫలితం ఉండదు. ఎందుకంటే నీటిని పైకి ఎక్కించేది మోటారు కాదు. సక్షన్ పైపులో గాలి తగ్గినప్పుడు, బావిలోని నీటిని బయటి గాలి నొక్కి పైపులోకి ఎక్కిస్తుంది. గాలి బరువు లెక్క ప్రకారం అది 34 అడుగులకు మించి ఎక్కించలేదు. పైపుల్లో రాపిడి, కీళ్లలో లీకులు పోను దక్కేది ఇరవై, ఇరవైఅయిదు అడుగులే.

ఇటలీలోనూ నీళ్ల పంపులు చేసేవారికి ఇదే చిక్కు వచ్చింది. దాని అంతు తేల్చేందుకు టారిచెల్లి అనే శాస్త్రజ్ఞుడు 1643లో నీటికి బదులు పాదరసంతో పరీక్ష చేయించాడు. గాలి బరువు పాదరసాన్ని 76 సెంటీమీటర్లు, అంటే సుమారు 30 అంగుళాల ఎత్తున నిలబెడుతుందని తేలింది. నేటికీ వాక్యూం గేజీల మీద ఉండే అంకెలు ఆ పాదరసం అంగుళాలే. గేజిలో ముల్లు సున్నా దగ్గర ఉంటే లోపల మామూలు గాలి ఉన్నట్లు. 15 అంగుళాలు చూపితే సగం గాలి పోయినట్లు. 30 దగ్గరికి వస్తే దాదాపు గాలి లేనట్లు. ఎంత ఖరీదైన పంపు తెచ్చినా ముల్లు 30 దాటదు.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే జర్మనీలోని మాగ్డెబర్గ్ నగర మేయరు ఒట్టో వాన్ గెరికె రెండు లోహపు అర్ధగోళాలను అంచులు కలిపి, లోపలి గాలిని తోడించి, రెండు పక్కలా గుర్రాలను కట్టి లాగించాడు. గుర్రాలు ఎంత పెనుగులాడినా ఆ రెండు చిప్పలూ విడిపోలేదు. గాలి లోపలికి వదలగానే చేతితో తీస్తే వచ్చేశాయి. ఆ రెంటినీ పట్టి ఉంచింది మేకూ కాదు, జిగురూ కాదు. బయటి గాలి.

నూరు సిమెంటు బస్తాల బరువు

ఈ బలం వడ్రంగికి ఎలా ఉపయోగపడుతుందో చూద్దాం. ఈ రోజుల్లో బీరువా తలుపులకు, టేబుళ్లకు గట్టి టేకు దొరకడం, కొనడం రెండూ కష్టమే. అందుకే మామూలు ప్లైవుడ్ మీద కాగితంలాంటి పలుచని టేకు పొర అతికిస్తున్నారు. దాన్నే వినీరు అంటారు. దాన్ని అతికించడంలోనే నేర్పు ఉంది. ఎక్కడైనా నొక్కు సరిపోకపోతే ఆ చోట బుడగ లేస్తుంది. పెద్ద కర్మాగారాల్లో దీనికి హైడ్రాలిక్ ప్రెస్సు ఉంటుంది. ఊళ్లోని మేస్త్రి ఏం చేస్తాడు? పైన మరో చెక్క వేసి, ఇసుక బస్తాలు, ఇటుకలు, పాత రుబ్బురోలు, చేతికి ఏది అందితే అది ఎత్తుతాడు. ఎంత ఎత్తినా అంచుల్లో ఒక నొక్కు, నడుమ ఒక నొక్కు.

అదే పనిని గాలితో చేయించవచ్చు. జిగురు రాసి పొర పరిచిన చెక్కను దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా బిగించి, లోపలి గాలిని లాగేయాలి. రెండు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు ఉన్న చెక్కనే లెక్కకు తీసుకుంటే, గేజిలో 20 అంగుళాలు చూపేసరికి దాని మీద పడే బరువు సుమారు ఐదు టన్నులు. అంటే నూరు సిమెంటు బస్తాలు పేర్చినట్లు. పైగా అంచుకూ నడుమకూ తేడా లేకుండా ఒకే తీరుగా నొక్కుతుంది. వంపు తిరిగిన చెక్కకైనా ఒంటికి అంటుకున్నట్లు అతుకుతుంది.

అయితే ఒక మెళకువ ఉంది. ప్లాస్టిక్ నేరుగా చెక్కకు కరుచుకుంటే నడుమ గాలి చిక్కుకుపోతుంది. అందుకని చెక్కకూ సంచికీ మధ్య సన్నని ప్లాస్టిక్ వల పరవాలి. గాలి ఆ వల సందుల గుండా బయటికి దారి చేసుకుంటుంది. మూసిన సంచిలో తెల్ల జిగురులోని తడి త్వరగా ఆరదు కనుక గంటల తరబడి, వీలైతే రాత్రంతా అలాగే ఉంచడం మంచిది. లోపల బోలుగా ఉన్న పెట్టెలను మాత్రం సంచిలో పెట్టకూడదు. ఆ బరువుకు అవి లోపలికి విరుగుతాయి.

మరి ట్యాంకు దేనికి?

పంపును నేరుగా సంచికి తగిలిస్తే సరిపోదా అనిపించవచ్చు. ఇంటి షెడ్లలో ఎక్కువమంది వాడేది పాత ఫ్రిజ్ నుంచి తీసిన కంప్రెసర్. అది గాలిని గట్టిగానే లాగుతుంది గాని, లాగే మోతాదు తక్కువ. ఎక్కువసేపు ఆపకుండా నడిపితే వేడెక్కుతుంది, లోపలి నూనెను బయటికి చిమ్ముతుంది. అంటే చిన్న మోటారుతో పెద్ద మడి తడపడం లాంటిది. రైతు దానికి ఏం చేస్తాడు? కరెంటు ఉన్నప్పుడు తొట్టి నింపి పెట్టుకుని, అవసరమైనప్పుడు ఒక్కసారిగా వదులుతాడు. ఇక్కడ ట్యాంకు చేసే పని అదే. తేడా ఏమిటంటే తొట్టిలో నీళ్లు నింపి పెడతారు, ఇందులో ఖాళీని నింపి పెడతారు.

లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న కంప్రెసర్ ట్యాంకులో సుమారు 60 లీటర్లు పడుతుంది. దాన్ని ముందుగా 25 అంగుళాల దాకా తోడి ఉంచి, 12 లీటర్ల గాలి ఉన్న సంచికి వాల్వు తిప్పితే, కొద్ది క్షణాల్లో రెంటిలోనూ ముల్లు 21 అంగుళాల దగ్గర నిలుస్తుంది. సంచిలో గాలి చాలావరకు ట్యాంకులోకి వెళ్లిపోయి చెక్క వెంటనే బిగిసిపోతుంది. ట్యాంకు కూడా 12 లీటర్లదే అయితే ముల్లు పన్నెండున్నర అంగుళాల దగ్గరే ఆగుతుంది. కనుక ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మేలు. జిగురు పచ్చిగా ఉన్న ఆ కాసేపట్లోనే పొర కదలకుండా బిగియాలి కనుక ఈ క్షణాలకు విలువ ఉంది.

రెండో మేలు మరీ ముఖ్యమైనది. ఎంత బాగా బిగించినా సంచిలో ఎక్కడో ఒకచోట సన్నని లీకు ఉండనే ఉంటుంది. ఒక్క సంచే ఉంటే 12 లీటర్ల ఖాళీ త్వరగా నిండిపోతుంది. ట్యాంకు కలిస్తే అది 72 లీటర్లు అవుతుంది. అదే లీకుకు ముల్లు పడిపోయే వేగం ఆరోవంతుకు తగ్గుతుంది. రాత్రి వేళ కరెంటు పోతే పంపు ఆగిపోతుంది. అయినా ట్యాంకులోని ఖాళీ చెక్కను పట్టి ఉంచుతుంది. తెల్లవారి సంచి విప్పి చూస్తే బుడగలు లేచి ఉండటం, వేల రూపాయల వినీరు చెత్తకుప్పకు పోవడం అన్న బాధ తప్పుతుంది.

రైలుకు తెలిసిన విద్యే

వాక్యూంను ట్యాంకులో దాచుకోవడం కొత్త విద్యేమీ కాదు. మన రైళ్లు ఎయిర్ బ్రేకులకు మారక ముందు చాలా ఏళ్లు వాక్యూం బ్రేకులతోనే నడిచాయి. ఇంజను నుంచి చివరి గార్డు పెట్టె దాకా ఒక గొట్టం ఉండేది. అందులో గాలి లేనంతసేపు బ్రేకులు వదులుగా ఉండేవి. పెట్టెలో ఎవరైనా గొలుసు లాగితే గొట్టంలోకి గాలి చొరబడి బ్రేకులు పట్టేవి. పెట్టెల కింద ఆ ఖాళీని నిలవ ఉంచే ట్యాంకులు ఉండేవి. నేటి కార్లలో కూడా బ్రేకు పెడలు తేలిగ్గా తొక్కడానికి వీలు కల్పించేది చాలావరకు వాక్యూమే. పాలు పితికే యంత్రాలు పూర్తిగా దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

ఏది పనికివస్తుంది? ఏది పనికిరాదు?

కంప్రెసర్ ట్యాంకు చదరపు సెంటీమీటరుకు ఏడు నుంచి పది కిలోల గాలిని మోసేందుకు తయారైనది. వాక్యూంలో దాని మీద పడేది మహా అయితే కిలో పైచిలుకే. పది మోసినదానికి ఒకటి ఒక లెక్కా అని చాలామంది అనుకుంటారు. తప్పు జరిగేది ఇక్కడే. లోపలి గాలి ట్యాంకు గోడను బయటికి సాగదీస్తుంది. ఇనుము సాగుడుకు బాగా ఓర్చుకుంటుంది. బయటి గాలి గోడను లోపలికి నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గోడ తెగిపోదు, ఉన్నట్టుండి మడతపడిపోతుంది. కొబ్బరి తాడును లాగితే ఎంత బరువైనా మోస్తుంది, అదే తాడును నెడితే వంగిపోతుంది. ట్యాంకు గోడకు తాడు కంటే బిగువు ఉన్నా స్వభావం అలాంటిదే.

ఈ మడతపడటం అన్నది రేకు మందం మీద ఆధారపడి ఉంటుంది. పొడవాటి గొట్టం విషయంలో మందం సగమైతే బయటి నొక్కుడుకు తట్టుకునే బలం సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల రేకు ఉన్న గుండ్రటి గొట్టం వాక్యూంకు నాలుగింతల నొక్కుడునైనా తట్టుకోగలదు. అదే గొట్టం తుప్పు తిని ఒకటిన్నర మిల్లీమీటరుకు అరిగితే ఆ నాలుగింతలు సగానికి వస్తాయి. అంటే వాక్యూంకే చాలవు. రెండు చివరలా ఉబ్బెత్తు మూతలు దగ్గరగా ఉంటే అవి గోడను కొంత నిలబెడతాయి. కాని నడుమ ఒక్క సొట్ట ఉన్నా ఆ బలం కూడా పోతుంది. మడత మొదలయ్యేది ఆ సొట్ట దగ్గరే.

60 లీటర్ల ట్యాంకును పూర్తిగా తోడేస్తే దాని ఒంటి మీద నలువైపులా పడే బరువు మొత్తం కలిపి సుమారు పది టన్నులు. ఇది గుర్తుంచుకుంటే పాత డీజిల్ డ్రమ్ము, నూనె డబ్బా, నలుచదరపు ట్యాంకు, పలుచని ప్లాస్టిక్ పీపా ఎందుకు పనికిరావో తేలిగ్గా అర్థమవుతుంది. బడిలో సైన్సు మాస్టారు రేకు డబ్బాలో నీళ్లు మరిగించి, మూత బిగించి, చల్లటి నీళ్లు పోస్తే డబ్బా నలిగిపోవడం చాలామంది చూసే ఉంటారు. రెండు వందల లీటర్ల డ్రమ్ముకూ అదే గతి పడుతుంది. పెద్ద చప్పుడుతో ముద్దయిపోతుంది. పక్కన మనిషి ఉంటే గాయాలు తప్పవు.

కనుక ట్యాంకు కొనేటప్పుడు పరీక్షగా చూసుకోవాలి. ముఖ్యంగా అడుగుభాగం చూడాలి. గాలితో పాటు వచ్చే తేమ నీరై అడుగునే చేరుతుంది. దాన్ని రోజూ వదలని షాపుల్లో ట్యాంకు పైకి నిగనిగలాడుతున్నా అడుగు లోపలి నుంచి తుప్పు తింటుంది. డ్రెయిన్ కాకు విప్పితే ఎర్రటి బురద, పొలుసులు రాలుతుంటే ఆ ట్యాంకును అక్కడే వదిలేయాలి. పెద్ద రంధ్రం గుండా టార్చిలైటు వేసి లోపల గుంటలు ఉన్నాయేమో చూడాలి. చిన్న సుత్తితో చుట్టూ తట్టితే మంచి చోట ఖంగుమంటుంది, చచ్చిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. రేకు మందం కొలిచే పరికరం ఉన్నచోట కొలిపించుకుంటే ఇంకా మంచిది. సొట్ట ఉన్నది, అతుకు వేసినది, కాలినది ఏదైనా వద్దు.

గ్యాసు బండ జోలికి పోవద్దు

కొందరి చూపు వంటగ్యాసు సిలిండరు మీద పడుతుంది. దళసరిగా, గుండ్రంగా ఉంటుంది, ఇంట్లోనే దొరుకుతుంది. కాని ఆ పని ఎంతమాత్రం చేయరాదు. మొదటిది, ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆ సిలిండరు వాడుకదారుది కాదు. డిపాజిట్ కట్టి తెచ్చుకున్నా అది గ్యాసు కంపెనీ ఆస్తే. గ్యాసు సిలిండర్ల నిబంధనల ప్రకారం దాన్ని కోయడం, మార్చడం నేరం. రెండోది అంతకంటే ముఖ్యం. ఖాళీ అయిందనుకున్న సిలిండరులో గ్యాసు పూర్తిగా పోదు. వాల్వు విప్పి, వెల్డింగు నిప్పురవ్వ తగిలిందంటే బాంబులా పేలుతుంది. పెట్రోలు ట్యాంకులకు, రసాయనాల పీపాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏముండేదో తెలియని ఏ పాత్రకూ వెల్డింగు పెట్టకూడదు.

ఫ్రిజ్ కంప్రెసర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. గొట్టం కోస్తే లోపలి గ్యాసు బయటికి వస్తుంది. పాతకాలం ఫ్రిజ్‌లలోని గ్యాసు ఆకాశంలోని ఓజోన్ పొరకు చేటు. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడుతున్న ఆర్-600ఎ అనే గ్యాసు ఐసోబ్యూటేను. వంటగ్యాసులాగే భగ్గున మండుతుంది. కనుక రిఫ్రిజిరేషన్ మెకానిక్కు చేత గ్యాసు తీయించిన తర్వాతనే కంప్రెసర్ విప్పించాలి.

అమరిక ఇలా

ట్యాంకు మంచిదని తేలాక దాని మీది పాత సరంజామా మార్చాలి. పంక్చరు షాపులో వాడిన గేజి వాక్యూంను చూపదు. సున్నా నుంచి 30 అంగుళాల దాకా చూపే వాక్యూం గేజి బిగించాలి. గాలి నిండగానే మోటారు ఆపే పాత స్విచ్చు కూడా ఇక్కడ పనిచేయదు. దానికి వాక్యూం స్విచ్చు వేరుగా దొరుకుతుంది. అది లేకపోతే మనిషే గేజి చూసి మోటారు ఆపుకోవాలి.

పంపుకూ ట్యాంకుకూ మధ్య నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఇది సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు లాంటిదే. మోటారు ఆగినప్పుడు పైపులో నీళ్లు జారకుండా ఫుట్ వాల్వు ఎలా కాపాడుతుందో, పంపు ఆగినప్పుడు ట్యాంకులోకి గాలి తిరిగి రాకుండా ఈ వాల్వు అలా కాపాడుతుంది. పాత కంప్రెసర్‌లో ఈ వాల్వు గాలిని ట్యాంకులోకి పోనిచ్చేలా ఉంటుంది. ఇప్పుడు గాలి ట్యాంకులోంచి పంపు వైపు పోవాలి కనుక బాణం గుర్తు చూసి తిప్పి బిగించాలి. ఇది మరిచిపోయి, పంపు చెడిపోయిందనుకుని దాన్ని విప్పి పెట్టుకునేవారు లేకపోలేదు.

తోట తడిపే మెత్తటి రబ్బరు పైపు పనికిరాదు. గాలి లాగగానే చదునుగా అతుక్కుపోతుంది. బావి మోటారుకు వాడే చుట్టల పైపులాగా లోపల తీగ లేదా గట్టి చుట్ట ఉన్న సక్షన్ పైపే కావాలి. మరలన్నింటికీ టెఫ్లాన్ టేపు చుట్టాలి. సంచికీ ట్యాంకుకూ మధ్య ఒక గట్టి సీసా ఉంచితే జిగురు, నీరు, పొట్టు అందులో ఆగి ట్యాంకులోకి, పంపులోకి పోకుండా ఉంటాయి. పలుచని గాజుసీసా మాత్రం వద్దు. అది లోపలికి పగిలి పెంకులు ఎగురుతాయి. సన్నని సేఫ్టీ వాల్వు ఒకటి ట్యాంకుకు ఉండనివ్వాలి. పొరపాటున ఎవరైనా పంపు గొట్టాలు తారుమారు చేస్తే లోపల గాలి పేరుకోకుండా అది కాపాడుతుంది.

పరీక్ష లేనిదే పని వద్దు

లీకు వెతకడంలో ఒక తిరకాసు ఉంది. సైకిలు ట్యూబుకు నీళ్లలో బుడగలు చూసినట్లు ఇక్కడ బుడగలు రావు. గాలి బయటికి కాదు, లోపలికి పోతుంది కనుక సబ్బునురుగును కీలు తనలోకి లాగేసుకుంటుంది. నురుగు ఎక్కడ మాయమైతే అక్కడ లీకు ఉన్నట్లు. ట్యాంకును తోడి, వాల్వులు మూసి, ముల్లు ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ముల్లు అక్కడే ఉంటే ట్యాంకు నమ్మదగినదే. బాగా దిగిపోతే కీళ్లు మళ్లీ చూసుకోవాలి.

మొదటిసారి తోడేటప్పుడు ఒక్కపట్టున 25 అంగుళాలకు పోకూడదు. ఐదు అంగుళాలకు ఒకసారి ఆపి, దూరం నుంచే ట్యాంకు ఒళ్లు గమనించాలి. టిక్కుమనే చప్పుడు వచ్చినా, ఎక్కడైనా రేకు లోపలికి లాగినట్లు కనిపించినా వెంటనే గాలి వదిలేసి ఆ ట్యాంకును పక్కన పెట్టాలి. ఆ సమయంలో పిల్లలను షెడ్డులోకి రానీయకూడదు.

గేదెల పాకకు తగిలిస్తే?

ట్యాంకు చక్కగా పనిచేస్తున్నదని చూశాక పాడి ఉన్న రైతుకు ఒక ఆలోచన రావడం సహజం. పాలు పితికే యంత్రం కూడా వాక్యూంతోనే కదా నడిచేది, షెడ్డులోని ట్యాంకు నుంచి ఒక గొట్టం పాకకు లాగితే పోలేదా అని. ఇక్కడ ఆగి ఆలోచించాలి.

పాలు పితికే యంత్రంలోనూ ఇలాంటి ట్యాంకే ఉంటుంది. నాలుగు రొమ్ములకూ ఒకే తీరు లాగుడు అందేలా, ఒక కప్పు జారినా మిగిలిన మూడూ ఊడిపడకుండా అది నిలకడ ఇస్తుంది. కాని ఆ యంత్రం నడిచేది సాధారణంగా 12 నుంచి 15 అంగుళాల మధ్యలోనే. ముల్లు దాన్ని దాటకుండా బయటి గాలిని కొద్దికొద్దిగా లోపలికి వదిలే రెగ్యులేటరు ఉంటుంది. నిమిషానికి సుమారు అరవైసార్లు లాగుడును ఆపి, దూడ చీకినట్లు రొమ్ముకు విరామం ఇచ్చే పల్సేటరు ఉంటుంది. ఈ రెండూ లేని 25 అంగుళాల వడ్రంగి ట్యాంకును రొమ్ముకు తగిలిస్తే రొమ్ము కొన వాచి, నెత్తురు గడ్డకట్టి, పొదుగువాపు పట్టుకుంటుంది. గేదె అసలే చేపడానికి సమయం తీసుకునే జంతువు. చేపకముందే లాగినా, పాలు అయిపోయాక లాగినా చెరుపే. ట్యాంకు కొనడంలో మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు పశువు మీద పోతుంది.

పైగా పంక్చరు షాపు ట్యాంకు లోపల ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, తుప్పు ఉంటాయి. పాలు తగిలే చోట అలాంటిది ఉండకూడదు. కనుక పాకకు కావలసింది పాకకే కొనుక్కోవాలి. రెగ్యులేటరు, పల్సేటరు సక్రమంగా ఉన్న యంత్రానికే పశువును అప్పగించాలి. యంత్రం అలవాటు చేసే ముందు పశువైద్యుడిని అడగడం అన్నివిధాలా మేలు.

చివరగా ఒక మాట రాసి పెట్టాలి

పాత ట్యాంకు కొత్త పనిలో కుదురుకున్నాక కూడా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. దాని రూపం మారలేదు. చూసినవారెవరికైనా అది ఇంకా కంప్రెసర్ ట్యాంకే. ఇంటి యజమాని లేనప్పుడు ఏ కుర్రాడో వచ్చి ట్రాక్టరు టైరుకు గాలి కావాలని దానికి కంప్రెసర్ తగిలించవచ్చు. ఖాళీని మోయడానికి సరిపోయే ట్యాంకు గాలిని మోయడానికి సరిపోకపోవచ్చు. లోపలికి నలిగే ట్యాంకు చప్పుడుతో ముద్దవుతుంది. గాలి బిగించిన ట్యాంకు పగిలితే ముక్కలు గోడలు దాటి పోతాయి. నింపిన గాలిలో దాగి ఉండే శక్తి అంతటిది.

అందుకని ట్యాంకు ఒంటి మీద పెద్ద అక్షరాలతో, ఎర్రరంగుతో, అందరూ చదివేలా తెలుగులో రాసి పెట్టాలి: "వాక్యూంకు మాత్రమే. గాలి కొట్టరాదు." ఏడాదికోసారి మళ్లీ సుత్తితో తట్టి, అడుగు చూసి, తుప్పు పెరిగితే మొహమాటం లేకుండా పాత ఇనుము కొట్టుకు పంపాలి. ఈ నాలుగు జాగ్రత్తలూ పాటిస్తే, తూకానికి పోవలసిన ఇనుప పీపా పెరటి షెడ్డులో రాత్రంతా నూరు బస్తాల బరువు పట్టి ఉంచుతుంది. తెల్లవారి సంచి విప్పేసరికి చెక్క మీద టేకు పొర ఎక్కడా బుడగ లేకుండా అతికి ఉంటుంది.